కారణం: ముసలోడు

సోలార్ కంపెనీ నుంచి వచ్చిన కొత్త ఇంజినీరు నా పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగాడు. వేలు పెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు.

"అమ్మా, మబ్బు అంటే తెలుసు. దుమ్ము తెలుసు. ఈ 'ముసలోడు' అంటే ఏం ఫాల్టు?"

"అన్నిట్ల పెద్ద ఫాల్టు అదే" అన్నాను.

"ఇప్పుడు కూడా వస్తాందా?"

"లేదు. పోయి మూడు నెలలైంది."

"రిపేరు ఎవరు చేసిన్రు?"

చాయ్ తాగమని చెప్పి లోపలికి వెళ్ళాను.

నాది శివనగర్‌లో పిండి గిర్ని. జొన్నలు, గోధుమలు, పసుపు ఏడాది పొడవునా వస్తాయి. ఎండాకాలం మాత్రం మిరపకాయలదే. నర్సంపేట దిక్కు నుంచి కూడా బస్సుల్లో డబ్బాలు మోసుకొచ్చి ఏడాదికి సరిపడా కారం పట్టించుకుని పోతారు. రెండేళ్ళ కింద గిర్ని మీది స్లాబు నిండా సోలార్ పలకలు పెట్టించాను. పగలు పలకలు చేసిన కరెంటు ముందు నా గిర్నికి వస్తుంది. మిగిలింది వీధి లైన్లోకి పోతుంది. చాలకపోతే లైన్లోంచి మనకు వస్తుంది. బ్యాటరీ లేదు. కాబట్టి వీధిలో కరెంటు ఆగిందంటే, నడినెత్తిన ఎండ మండుతున్నా పలకలు కూడా ఆగిపోతాయి. ఈ మాట పెట్టేటప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, నాకు ఎక్కలేదు. మొదటిసారి కరెంటు ఆగి గిర్ని ఆగినప్పుడు, ఆకాశం వైపూ గిర్ని వైపూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. డబ్బాలు పట్టుకుని వరుసలో ఉన్న ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వారు.

"అక్కా, గంత ఎండ ఉన్నది గద, బిందెతోని పట్టిపొయ్యరాదు!"

అది చాలదన్నట్టు పలకలు చెప్పినన్ని యూనిట్లు ఇవ్వలేదు. మంచి ఎండ ఉన్న రోజు ఇరవైకి తగ్గదని పెట్టినాయన చెప్పాడు. కొన్ని రోజులు ఇరవై వచ్చేది. కొన్ని రోజులు తొమ్మిది, పది దగ్గరే ఆగేది. ఫోన్ చేస్తే అప్పటి ఇంజినీరు వచ్చి మిషన్ మంచిగానే ఉందని చెప్పిపోయేవాడు. మూడోసారి వచ్చినప్పుడు ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీసిచ్చాడు. తేదీ, యూనిట్లు, కారణం.

"రోజూ సాయంత్రం రాయుండ్రి అమ్మా. తక్కువ వస్తే ఎందుకు తక్కువొచ్చిందో మీకు తోచింది రాయుండ్రి."

నాకు యాభై దాటాక, మహిళా సంఘం వాళ్ళ సాయంత్రం బడిలో అక్షరాలు వచ్చాయి. అంతకుముందు ఎవరి డబ్బా ఏదో తెలియడానికి మూతలకు రంగురంగుల దారాలు కట్టేదాన్ని. బడిలో రాసినవన్నీ పంతులమ్మ కోసం రాసినవే. ఇంకొకరికి పనికొచ్చేలా నేను రాసిన మొదటి రాత ఈ పుస్తకమే. అందుకే ఆ కారణం గడి మీద నాకు పట్టుదల వచ్చింది. తక్కువ వచ్చిన రోజు ఆ గడి ఖాళీగా ఉంటే నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు ముసలోడి సంగతి.

మా ఎదురింట్లో ఉండేవాడు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నాకు చుట్టమేమీ కాదు, బాబాయి వరస కలిపి కాక అని పిలిచేదాన్ని. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మనుషులకు కాకుండా కరెంటు స్తంభానికి ఎదురుగా కూర్చునేవాడు. ఎవరింటికి పోయినా ముందు స్విచ్చుబోర్డు చూసేవాడు, తర్వాత ఇంటివాళ్ళను. పెళ్ళికి పిలిస్తే అక్షింతలు వేయడం మరిచిపోయి పందిరికి కట్టిన లైట్ల తీగలను ఒక్కొక్కటే చూసుకుంటూ తిరిగేవాడు. స్తంభం పక్కనుంచి నడిస్తే అరచేతితో ముట్టేవాడు కాదు, షాకు కొడితే చెయ్యి అతుక్కుపోకుండా, తిప్పి వెనకవైపుతో తాకేవాడు. "తిన్నవా బిడ్డా" అని ఒక్కరోజూ అడగలేదు. "ఓల్టేజ్ మంచిగున్నదా" అని అడిగేవాడు.

కరెంటు పోయింది అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"పోయిందంటవేందే? ఆగింది అను. పోయేది మనుషులు. కరెంటు మల్ల వస్తది."

వరుసలో పదిమంది ఉండి, సగం నలిగిన మిరపకాయలు గిర్ని గొంతులో ఇరుక్కుని, చేతులు మండుతూ ఉంటే ఆయనకు మాట సరిచేయడం ముఖ్యం.

యూనిట్లు తక్కువ వస్తున్నాయని నేను తిప్పలు పడుతుంటే కుర్చీలోంచే సలహాలిచ్చేవాడు.

"పలకలు కడిగినవా? నీ గిర్ని కారమంతా లేసి వాటి మీదనే పడ్తాంది."

నిజమే. నా గిర్ని దుమ్మే పైకి లేచి పలకల మీద ఎర్రగా పేరుకునేది. పొద్దున్నే ఎండ ఎక్కకముందు స్లాబు ఎక్కి తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. తుడుస్తుంటే ఆ ఘాటుకు తుమ్ములు. రెండు యూనిట్లు పెరిగాయి. పక్కింటామెను బతిమాలి చీరలు ఆరేసే తాడు అవతలికి మార్పించాను. ఇంకొకటి పెరిగింది. అయినా కొన్ని రోజులు తొమ్మిదే.

పుస్తకంలో గిర్ని ఆగిన రోజుల దగ్గర నేనొక చుక్క పెట్టుకునేదాన్ని. ఒకరోజు ఊరికే వెనక పేజీలు తిప్పుతుంటే కనిపించింది. తొమ్మిది, పది వచ్చిన ప్రతి రోజు పక్కనా చుక్క ఉంది. కానీ కరెంటు ఆగేది అరగంటో గంటో. అంతమాత్రానికి సగం రోజు యూనిట్లు ఎట్లా పోతాయి?

ఆ తర్వాత కరెంటు ఆగినప్పుడు నేను గిర్ని తలుపు వెనక నిలబడి చూశాను. పొద్దున పదకొండు గంటల వేళ. ఎదురుగా కాక లేచాడు. లుంగీ ఎగ్గట్టి, రబ్బరు చెప్పులు వేసుకుని మా సందు గోడ దగ్గరికి వచ్చాడు. సోలార్ కరెంటు లైన్లో కలిసే చోట అక్కడొక ఇనుప డబ్బా ఉంది. మూత తీసి, తెల్ల పింగాణీ ఫ్యూజు పట్టుకుని గుంజాడు. అంగీ జేబులో వేసుకున్నాడు. స్తంభం కింద నిచ్చెన పట్టుకున్న లైన్‌మన్ వైపు చూసి జేబు మీద రెండుసార్లు తట్టాడు. అది చూశాకే అతను నిచ్చెన ఎక్కాడు. ఈయన మంచినీళ్ళు తాగడానికి ఇంట్లోకి పోయాడు. అరగంటకు కరెంటు వచ్చింది. లైన్‌మన్ దిగి వెనక గల్లీ నుంచి వెళ్ళిపోయాడు. నా గిర్ని వీధి కరెంటుతో తిరగడం మొదలుపెట్టింది. పలకలు మాత్రం ఎండలో ఊరికే పడి ఉన్నాయి. ఈయన వచ్చి జేబులో ఫ్యూజుతో కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని కునుకు తీశాడు. రెండింటికి లైన్‌మన్ బండి మీద అటు పోతూ చెయ్యెత్తితే అప్పుడు లేచి వచ్చి ఫ్యూజు పెట్టాడు.

నేను సందులోనే పట్టుకున్నాను.

"కాకా, నా ఫ్యూజు నీ జేబుల ఎందుకున్నది?"

"ఇప్పుడు లేదు. పెట్టిన."

"ఎన్ని రోజుల సంది చేస్తానవ్ ఈ పని?"

"నువ్వు పలకలు పెట్టిన కాన్నుంచి."

"మరి పలకలు కడుగు, పలకలు కడుగు అని నా పానం తీస్తివి గద!"

"దుమ్ము సుత ఉన్నది గద బిడ్డా. నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?"

"మిషన్ దానంతట అదే ఆగుతది కాకా. లైన్ల కరెంటు లేకుంటే మన కరెంటు బయటికి పోదు. పైన పనిచేసెటోళ్ళ కోసమే అట్ల పెట్టిన్రని ఇంజినీర్ చెప్పిండు."

"ఆగుతది. కాదన్ననా?"

"మరి?"

"దానికి జేబు లేదు" అన్నాడు. "ఎక్కెటోనికి ఎవలో ఒకలు ఫ్యూజు సూపియ్యాలె."

నా అరుపులకు చిన్నమ్మ, అంటే కాక భార్య, బయటికి వచ్చింది. "ఈయన అంగీలకు జేబులు కుట్టుడే నా బతుకైపోయింది. అన్నీ ఒక్క దిక్కే చినుగుతయి" అని ఆమె కూడా రెండు అంటించింది. ఆయన నవ్వలేదు. కుర్చీలో కూర్చుని, స్తంభాన్ని చూస్తూ నాకు నెక్కొండ సంగతి చెప్పాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనా ఇంకొకాయనా జంటగా తిరిగేవారట. ఒకరు ఎక్కితే ఒకరు కింద. ఆ రోజు నెక్కొండ అవతల తీగ తెగింది. ఈయన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు గుంజి జేబులో వేసుకుని ఎక్కుమన్నాడు. అతను ఎక్కాడు. అదే లైన్ మీద, కాస్త దూరంలో ఒక వడ్ల మిల్లు ఉంది. కరెంటు ఎప్పుడు వస్తుందో అని మిల్లాయన జనరేటర్ నడిపించాడు. జనరేటర్ వేసేముందు వీధి లైను తెంచే స్విచ్చు ఉండాలి. ఆ మిల్లులో లేదు. ఆ కరెంటు వెనక్కి లైన్లోకి వచ్చింది. పైకెక్కిన మనిషి ప్రాణంతో దిగలేదు.

"ఫ్యూజు నా జేబులనే ఉండె బిడ్డా" అన్నాడు. "ఇంకో దిక్కు నుంచి వస్తదని నాకు తెల్వకపాయె."

స్తంభం మీంచి చూపు నా గిర్ని వైపు తిప్పి అన్నాడు, "ఆ మిల్లాయన చెడ్డోడేం కాదు. ఎదురుంగ వడ్ల బస్తాలున్నయి. నీ ఎదురుంగ మిర్పకాయ డబ్బాలున్నట్టు."

అది నాకు తగిలింది. తగలాలనే అన్నాడు. నేను కారం పట్టుకునేదాన్నే గాని మనుషులను చంపేదాన్ని కాదు. ఆయనకు స్తంభం మీది మనిషి. నాకు నా యూనిట్లు. రెంటికీ పోటీ లేదని, మిషన్ ఆ పని చేస్తుందని ఎంత చెప్పినా ఆ తలకెక్కదు. ఆ సాయంత్రం పుస్తకం తీసి, తేదీ వేసి, యూనిట్లు తొమ్మిది వేసి, కారణం గడిలో కోపంతో గట్టిగా ఒత్తి రాశాను. ముసలొడు.

తర్వాత రోజు కాక పిండి పట్టించుకోవడానికి వచ్చి, నేను జల్లెడ పడుతుంటే, పుస్తకం తీసి చదివాడు. అద్దాలు పైకి జరిపి పెన్ను అడిగాడు. ఇచ్చాను. లొ మీద చిన్న గీత పెట్టాడు.

"దీర్ఘం మర్చిపోయినవ్. తిడ్తె సక్కగ తిట్టు."

పిండి డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయాడు. మారాడా అంటే, మారలేదు. ఆ ఏడంతా నా పుస్తకంలో మబ్బు, వాన, దుమ్ము, ముసలోడు, ముసలోడు, మబ్బు.

పాత ఇంజినీరును పిలిచి కాక కళ్ళ ముందే చూపించమన్నాను. ఇంజినీరు మెయిన్ స్విచ్చు ఆపేశాడు. మేం మిషన్ అనే గోడ మీది ఇన్వర్టర్ తెర ఆరిపోయింది.

"చూడండి తాతా, ఒక్క క్షణం కూడా పట్టలేదు."

కాక వంగి, జేబులోంచి టెస్టర్ తీసి అన్ని తీగలకూ పెట్టి చూశాడు. ఎక్కడా వెలగలేదు.

"మంచి మిషన్" అన్నాడు.

"మరి ఇంక ఫ్యూజు తీయకండి. దీనికి సర్టిఫికెట్ ఉంది."

"నెక్కొండల మావోని కాడ కూడ ఉండె, లైన్‌మన్ సర్టిఫికెట్" అన్నాడు.

ఇంజినీరు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

అన్నిటికంటే మించింది నర్సంపేట ముచ్చట. మే నెల. మామిడికాయ పచ్చళ్ళ రోజులు, వీధి దాకా వరుస. పొద్దున తొమ్మిదింటికి కరెంటు ఆగింది. పావుగంటలో వచ్చింది. మధ్యాహ్నం ఇన్వర్టర్ చూస్తే తెర మీద చీకటి. సందులో డబ్బా తెరిస్తే ఫ్యూజు లేదు. ఎదురుగా కుర్చీ ఖాళీ. ఆయనా చిన్నమ్మా మనవరాలి ఓణీల పండుగకు నర్సంపేట పోయారని పక్కింటామె చెప్పింది. ఫోన్ చేశాను. డప్పుల మోతలో ఎత్తాడు.

"కాకా, ఫ్యూజేది?"

"ఏ ఫ్యూజు?"

"నీ జేబుల చూడు!"

డప్పుల వెనక జేబులో చిల్లర గలగలమంది.

"ఉన్నది బిడ్డా. ఫికర్ చెయ్యకు. భద్రంగనే ఉన్నది."

భద్రంగా ఉందట! ఏడాదిలోకెల్లా మంచి ఎండ, నలభై కిలోమీటర్ల అవతల ఆయన జేబులో భద్రంగా ఉంది.

"దుకాణంల ఇంకోటి తెచ్చి పెట్టుకుంట."

"పెట్టకు! ఎక్కినోడు దిగిండో లేదో నేను సూడకనే వచ్చిన. బస్సు టైమైంది."

"కరెంటొచ్చి నాలుగు గంటలైంది కాకా! దిగకుంటే ఎట్లొస్తది?"

"దిగిండని నువ్వు సూసినవా?"

ఫోన్ పెట్టేశాను. ఎలక్ట్రికల్ దుకాణం మూలమీదే ఉంది. అటువంటి ఫ్యూజు పది నిమిషాల్లో దొరుకుతుంది. నేను పోలేదు. ఎందుకు పోలేదో ఇప్పటికీ నా మీద నాకు కోపమే. లైన్‌మన్‌కు ఫోన్ చేయించి, అతను ఇంట్లో అన్నం తింటున్నాడని తెలుసుకున్నాను. అప్పటికి మూడు దాటింది, ఇక దుకాణానికి పోయినా లాభం లేదని ఊరుకున్నాను. ఆ రోజు పుస్తకంలో యూనిట్లు రెండు.

ఇక్కడ ఒకమాట నిజం చెప్పాలి. పలకలు పెట్టించిన కాన్నుంచి ఒక్కసారి కూడా ఆయన భయం నిజం కాలేదు. ప్రతిసారీ మిషన్ తన పని తాను చేసింది. ఆయన ఫ్యూజు తీసినందువల్ల బతికిన మనిషి ఎవరూ లేరు. పోయినవి మాత్రం నా యూనిట్లు.

మొన్న చలికాలంలో జ్వరం వచ్చి దవాఖానలో పడ్డాడు. చూడటానికి వెళ్ళాను. ముక్కుకు గొట్టం, కళ్ళు గోడమీది తీగల వెంబడి తిరుగుతున్నాయి. నేను ఉన్నప్పుడే కరెంటు ఆగింది. బయట జనరేటర్ మొదలైంది, లైట్లు వచ్చాయి. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"లైను తెంచే స్విచ్చు ఉన్నదా అడుగు."

"ఉన్నది కాకా."

"అడిగి చెప్తానవా?"

అడగలేదు మరి. లేచి, వరండా అంతా తిరిగి, జనరేటర్ చూసుకునే మనిషిని వెతికి పట్టుకుని అడిగాను. అతను నవ్వి, గోడకున్న పెద్ద స్విచ్చు చూపించాడు. తిరిగొచ్చి చెప్పాను.

"కండ్లతోని సూసినవా?"

"చూసిన. ఎర్ర పిడి ఉన్నది."

అప్పుడు చెయ్యి వదిలాడు. రెండు రోజులకు పోయాడు. పోవడం అనే మాటకు ఆయన ఒప్పుకునే అర్థంలోనే.

తర్వాత మూడు నెలలు నా పుస్తకం శుభ్రంగా ఉంది. కరెంటు ఆగినా అరగంటకు పలకలు మళ్ళీ అందుకునేవి. పద్దెనిమిది, ఇరవై, పంతొమ్మిది. కొత్త ఇంజినీరు వచ్చి మెచ్చుకుని పోయింది అప్పుడే. ఆయన వెళ్ళిన నాలుగో రోజు పొద్దున పదింటికి మా స్తంభం మీద టప్పుమని కొట్టి కరెంటు ఆగింది. లైన్‌మన్ వచ్చాడు. ఎప్పుడూ వచ్చే అతనే. ఈ మూడు నెలల్లో మా స్తంభం ఎక్కే పని అతనికి పడలేదు. నిచ్చెన ఆనించి ఎదురింటి వాకిలి వైపు చూశాడు. కుర్చీని గోడకు బోర్లించి పెట్టారు. తర్వాత నా వైపు చూశాడు.

"మీ సోలార్ ఆగిందా అమ్మా?"

"అదే ఆగుతది. నీకు తెల్వదా?"

"తెల్సమ్మా. ఆగుతది" అన్నాడు. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఎక్కలేదు. మళ్ళీ బోర్లించిన కుర్చీ వైపు చూశాడు. అతనికి మిషన్ మీద అనుమానం లేదు. కాలు మాత్రం లేవడం లేదు.

వరుసలో పన్నెండు డబ్బాలున్నాయి. ఎండ అప్పుడే పలకల మీదికి పూర్తిగా వచ్చింది. తిట్టుకుంటూ సందులోకి పోయాను. డబ్బా మూత తీసి ఫ్యూజు గుంజాను. నా జాకెట్టుకు జేబు లేదు. చీర కొంగులో వేసి ముడి కట్టి, ముడిని పైకెత్తి అతనికి చూపించాను. అతను తలూపి చకచకా ఎక్కాడు.

నేను లోపలికి వచ్చి ఎవరి మిరపకాయలు ఎవరివో చూస్తుండగా కరెంటు వచ్చింది. బయటికి చూస్తే స్తంభం దగ్గర మనిషి లేడు, నిచ్చెన లేదు.

వరుసలో ముందున్నామె అంది, "అక్కా, కొంగుకు ఫ్యూజు అట్లనే ఉన్నది. పెట్టవా?"

"దిగిండని నువ్వు సూసినవా?" అన్నాను.

ఆమె నా వైపు విచిత్రంగా చూసింది. నా మాట నాకే వినిపించి ఒళ్ళు మండింది. గిర్ని అట్లాగే వదిలేసి గల్లీలన్నీ తిరిగాను. హోటల్లో లేడు. మిగతా స్తంభాల దగ్గర లేడు. మళ్ళీ వచ్చి నాలుగు డబ్బాలు పట్టి, మళ్ళీ వెతకబోయాను. మధ్యాహ్నం ఒకటిన్నరకు రైల్వే గేటు దిక్కు నుంచి బండి మీద వస్తూ కనిపించాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. అప్పుడు కొంగు ముడి విప్పాను.

సాయంత్రం ఇన్వర్టర్ చూసి పుస్తకం తీశాను. తేదీ వేశాను. యూనిట్లు పదకొండు. కారణం గడి దగ్గర పెన్ను ఆగింది. ఆ రోజు మబ్బు లేదు. వాన లేదు. పలకలు పొద్దున్నే కడిగాను.

ముసలోడు, అని రాశాను. దీర్ఘం మర్చిపోలేదు.